పాత మోర్టైస్ తాళం మార్చాలి: సిలిండర్ ఒక్కటే చాలా, మొత్తం విప్పాలా?

గుంటూరు_గడప:
అందరికీ నమస్కారం. వీధి తలుపు తాళం మార్చాలి. టేకు తలుపు, ఒకటే రెక్క, ద్వారబంధం కూడా చెక్కదే. తాళం తలుపు మందంలో దాగి ఉండే మోర్టైస్ రకం. పైన హ్యాండిల్, కింద చెవి బెజ్జం, రెండూ ఒకే ఇత్తడి ప్లేటు మీద ఉంటాయి. చెవి రెండు చుట్లు తిరగాలి. మొదటి చుట్టు బాగానే పడుతుంది, రెండోది సగంలో పట్టేస్తుంది. తలుపును కాస్త మన వైపు లాగి పట్టుకుంటే తిరుగుతుంది. హ్యాండిల్ నొక్కి వదిలితే పూర్తిగా పైకి లేవదు, వాలిపోయి ఉంటుంది. వానలు మొదలైతే రెండు బాధలూ ముదురుతాయి.

చెవి దూరే ముక్క, అంటే సిలిండర్, మారిస్తే చాలని కొందరు, మొత్తం సెట్టు తీసేయమని కొందరు చెబుతున్నారు. డ్రిల్లు, ఉలులు, స్క్రూడ్రైవర్లు ఇంట్లో ఉన్నాయి. వడ్రంగిని పిలవకుండా అయ్యే పనేనా?

ఉలి_సుత్తి:
అయ్యే పనే. అయితే షాపుకి వెళ్ళే ముందు ఒక పరీక్ష చేయండి. తలుపు బార్లా తెరిచి పెట్టి, చెవితో రెండు చుట్లూ తిప్పండి. తెరిచి ఉన్నప్పుడు సాఫీగా తిరిగి, మూసినప్పుడు మాత్రమే పట్టేస్తే దోషం తాళానిది కాదు. బోల్టు వెళ్ళి దూరాల్సిన కంత దగ్గరే తేడా ఉంది. కొత్త తాళం బిగించినా అదే గొడవ మళ్ళీ వస్తుంది.

మీరు చెప్పిన "మన వైపు లాగితే తిరుగుతుంది" అనేది మంచి ఆధారం. తలుపును లాగితేనో నెడితేనో తిరుగుతుందంటే బోల్టు ద్వారబంధం కంతలో ముందు గోడనో వెనక గోడనో రాసుకుంటోంది. హ్యాండిల్ పట్టి తలుపును పైకి ఎత్తితే తిరిగే రకం వేరు. అక్కడ పై బందు స్క్రూలు వదులై తలుపు జారి ఉంటుంది. ఇక రెండో చుట్టు సగంలో ఆగిందంటే నా అనుమానం కంత లోతు మీద. రంగులు వేసేటప్పుడు లప్పం, పెయింటు అందులో పేరుకుని గట్టిపడిపోతాయి.

బోల్టును రెండు చుట్లు బయటికి తీసి దాని కొనకి తడి కుంకుమ రాయండి. మళ్ళీ లోపలికి తిప్పేసి, తలుపు మూసి, చెవి ఎంత వరకు వెళ్తే అంత వరకు తిప్పండి. తెరిచి చూస్తే ఎక్కడ తగులుతోందో ఎర్రగా తెలుస్తుంది. ఒక పెన్సిల్ కంతలో పెట్టి లోతు కూడా కొలవండి.

రాణీగంజ్_కౌంటర్:
"సిలిండర్ మారిస్తే చాలు" అన్నవాళ్ళు ఏ రకం తాళమో అడిగారా? మోర్టైస్‌లో మన దగ్గర రెండు రకాలు దొరుకుతాయి, షాపులో కేవై, సీవై అంటారు.

కేవై అంటే లివర్ తాళం. చెవికి గుండ్రటి కాడ, కొసన పళ్ళు ఉంటాయి. ప్లేటు మీద బెజ్జం మామూలు తాళం చెవి ఆకారంలో, తలుపుకి ఆ పక్క వెలుతురు కనిపించేలా ఉంటుంది. లోపల పలచటి ఇత్తడి రేకులు, వాటికి స్ప్రింగులు ఉంటాయి. ఇందులో విడిగా మార్చే సిలిండర్ అనేదే లేదు.

సీవై అంటే సిలిండర్ తాళం. పైన గుండ్రం, కింద తోక ఉన్న ముక్క ప్లేటులోంచి బయటికి కనిపిస్తుంది. చెవి చదునుగా ఉంటుంది. గుంటలున్న "కంప్యూటర్ కీ" అనేదీ ఈ కోవలోదే. ఇది అయితే ఒక్క స్క్రూ విప్పితే సిలిండర్ చేతికొచ్చేస్తుంది.

గుంటూరు గారూ, మీ చెవి ఎలా ఉందో చెప్పండి.

గుంటూరు_గడప:
గుండ్రటి కాడ, కొసన పళ్ళు. అంటే లివర్ తాళమే. తలుపు తెరిచి తిప్పితే రెండు చుట్లూ పడుతున్నాయి, కాస్త గరగరలాడుతోంది గానీ ఆగడం లేదు. కుంకుమ కంత వెనక గోడకి, అడుగుకి కూడా అంటింది. పెన్సిల్ 14 మి.మీ. లోతుకే ఆగింది. బోల్టు రెండు చుట్లకి 22 మి.మీ. బయటికొస్తోంది.

ఉలి_సుత్తి:
సగం జబ్బు దొరికింది. 22 మి.మీ. బోల్టుకి కనీసం 25 మి.మీ. లోతు కావాలి. పాత స్క్రూడ్రైవర్‌తోనో సన్న ఉలితోనో ఆ లప్పం గీకేయండి. చెక్క తగిలాక ఇంకా లోతు కావాలంటే డ్రిల్లు. వెనక గోడ వైపు 1.5 మి.మీ. తీస్తే చాలు. కంత మీద బిగించే ఇత్తడి రేకు, అంటే స్ట్రైక్ ప్లేటు, ఉంటే ముందు దాన్ని విప్పి, దాని అంచును ఆకురాయితో రాయాలి. చెక్క మాత్రమే తీసి ప్లేటు అలాగే ఉంచితే ఫలితం సున్నా.

ఇంకో మాట: బోల్టు పూర్తిగా బయటికి రాకపోతే చాలా తాళాల్లో అది బిగుసుకోదు, సన్నటి పనిముట్టుతో వెనక్కి నెట్టొచ్చు. చెవి సగంలో ఆగినా "తాళం పడిందిలే" అనుకుని వెళ్ళిపోవడం మంచిది కాదు.

కరీంనగర్_కమ్మరి:
అన్నా, లోపటి తాళం మంచిగనే ఉన్నట్టుంది గదా. జర విప్పి చూడున్రి, కొత్తది ఎందుకు? లివర్ తాళం బాడీకి ఒక పక్క రేకు మూత ఉంటది, ఒకటో రెండో మరలు. బాడీని బల్ల మీద చదునుగ పండబెట్టి మూత మెల్లగ లేపాలె. నిలబెట్టి తీస్తే స్ప్రింగులు ఎగిరి పోతయ్. మూత తియ్యంగనే ఫోన్‌ల ఫొటో కొట్టుకోవాలె. రేకులు ఏ వరసల ఉన్నయో అదే వరసల తియ్యాలె, గదే వరసల పెట్టాలె. వరస తప్పితే చెవి తిరగది.

కిరసనాయిలుల కడిగి, ఆరబెట్టి, కుట్టుమిషన్ నూనె రెండు చుక్కలు. గంతే. హ్యాండిల్ వాలుతున్నదంటే స్పిండిల్ (రెండు హ్యాండిళ్ళను కలిపే చదరపు కడ్డీ) దూరే ముక్క కాడ ఉండే స్ప్రింగు అలసిపోయింది, లేకుంటే విరిగింది. తీగ మందం, చుట్టు వెడల్పు చూస్కుని అసొంటిదే పాత తాళాల రిపేరు కొట్టుల దొరుకుతది.

రాణీగంజ్_కౌంటర్:
కమ్మరి అన్నా, దొరికితే సంతోషమే. కానీ ఆ స్ప్రింగు కోసం ఊరంతా తిరగాలి, రేకులు అరిగిపోయి ఉంటే కడిగినా లాభం లేదు. రేకు కడుపు భాగంలో చెవి తగిలే చోట గుంట పడి ఉంటే, చెవి పళ్ళ మూలలు గుండ్రంగా అరిగి ఉంటే, దాని పని అయిపోయినట్టే. ఇంకా చెవులు ఎన్ని ఉన్నాయన్నది కూడా చూడాలి. అరిగిన చెవికి డూప్లికేట్ తీస్తే ఆ అరుగుదల కూడా కొత్త చెవిలోకి వచ్చేస్తుంది.

గుంటూరు_గడప:
చెవి ఒక్కటే మిగిలింది, పళ్ళ మూలలు గుండ్రంగానే ఉన్నాయి. విప్పి చూస్తే హ్యాండిల్ స్ప్రింగు రెండు ముక్కలు. మార్చడమే ఖాయం చేసుకున్నాను. సిలిండర్ రకానికి వెళ్దామనుకుంటున్నా. ఏం కొలవాలి?

ఉలి_సుత్తి:
ఇదే అసలు పని. ఉలి పట్టుకోవడం దీని తర్వాతే. అన్నీ మి.మీ.లో రాసుకోండి:

తలుపు మందం, అంచు దగ్గర. తలుపు అంచు నుంచి హ్యాండిల్ బెజ్జం మధ్య వరకు దూరం, దీన్నే బ్యాక్‌సెట్ అంటారు. హ్యాండిల్ బెజ్జం మధ్య నుంచి చెవి బెజ్జం మధ్య వరకు దూరం, అంటే సెంటర్ టు సెంటర్. అంచు ప్లేటు పొడవు, వెడల్పు. బాడీ ఎత్తు, లోతు, మందం. తలుపు నిలువు పట్టీ వెడల్పు. మధ్య అడ్డపట్టీ ఎక్కడ మొదలవుతుందో అది.

చివరి రెండూ ఎవరూ కొలవరు, చివరికి అక్కడే దెబ్బ తింటారు. పానెల్ తలుపులో అడ్డపట్టీ కుసురు (కొసన చెక్కిన నాలుక) నిలువు పట్టీలోకి దూరి ఉంటుంది. తాళం గుంత ఆ కుసురును కోసేస్తే తలుపు బిగువే పోతుంది. బాడీ వెనక కూడా కనీసం 20 మి.మీ. చెక్క మిగలాలి.

గుంటూరు_గడప:
తలుపు 38. బ్యాక్‌సెట్ 55. సెంటర్లు 65. అంచు ప్లేటు 152 × 20. బాడీ 115 ఎత్తు, 78 లోతు, 14 మందం. నిలువు పట్టీ 115 వెడల్పు. అడ్డపట్టీ పాత బాడీ అడుగు నుంచి 60 కిందికి మొదలవుతుంది. షాపులో చూపించిన సిలిండర్ బాడీ: సెంటర్లు 85, బ్యాక్‌సెట్ 60, అంచు ప్లేటు 235 × 24, బాడీ 165 × 87 × 15.

రాణీగంజ్_కౌంటర్:
మన మార్కెట్లో సిలిండర్ బాడీల్లో 85 సెంటరే ఎక్కువ కనిపిస్తుంది. 72 అనేది యూరప్ కొలత. బయటి దేశం నుంచి హ్యాండిల్ సెట్టు తెచ్చుకుని ఇక్కడి బాడీకి పెట్టాలని చూసేవాళ్ళు ఈ 13 మి.మీ. తేడా దగ్గరే ఆగిపోతారు. బాడీ, హ్యాండిల్ ప్లేటు వేరువేరు కంపెనీలవైనా ఫర్వాలేదు, సెంటర్లు ఒకటే అయి ఉండాలి. స్పిండిల్ 8 మి.మీ. చదరమా అన్నదీ అడగండి.

మీ లెక్క కుదురుతుంది. 115లో 87 పోతే 28 మిగులుతుంది. బాడీ కిందికి పెరిగేది 35 దాకా ఉంటుంది, 60లో 25 మిగిలి కుసురు క్షేమం. హ్యాండిల్ బెజ్జం 5 మి.మీ. లోపలికి జరుగుతుంది, 45 వెడల్పు ప్లేటు తీసుకుంటే పాత బెజ్జం కనబడదు. పాత చెవి బెజ్జం కూడా ప్లేటు కిందికే పోతుంది. 10 అంగుళాల ప్లేటు తీసుకోండి. 7 అంగుళాలది అందంగా ఉంటుంది గానీ పాత స్క్రూ కంతలు బయటపడతాయి.

ఇక సిలిండర్. తలుపు 38, రెండు వైపులా ప్లేట్లు 8 చొప్పున అనుకుంటే 54. 60 సిలిండర్ పెడితే ఇరువైపులా 3 మి.మీ. బయటికొస్తుంది, చాలు. "పెద్దదే గట్టిది" అని 70 ఇస్తే వద్దనండి. 8 మి.మీ. బయటికి పొడుచుకొచ్చిందంటే పట్టకారుతో పట్టుకుని విరవడానికి వీలిచ్చినట్టే.

అపార్ట్‌మెంట్_పద్మజ:
మధ్యలో అడుగుతున్నా, ఏమనుకోకండి. మాది అద్దెకిచ్చే ఫ్లాటు. పాత కిరాయిదారులు ఖాళీ చేశారు, వాళ్ళ దగ్గర ఇంకా డూప్లికేట్ చెవులు ఉండే ఉంటాయి. తాళం సిలిండర్ రకమే, చక్కగా పనిచేస్తోంది. మొత్తం మార్చాలా?

రాణీగంజ్_కౌంటర్:
అక్కర్లేదు మేడం. మీకు సిలిండర్ ఒక్కటి చాలు, స్క్రూడ్రైవర్ ఒక్కటే పనిముట్టు.

తలుపు తెరిచి అంచు చూడండి. అంచు ప్లేటు మీద, సిలిండర్ ఎత్తులో ఒక పొడుగాటి స్క్రూ తల కనిపిస్తుంది. ఎం5 మర, అంటే 5 మి.మీ. మందం, సుమారు 60 నుంచి 75 మి.మీ. పొడవు ఉంటుంది. దాన్ని పూర్తిగా విప్పి తీయండి. ఇప్పుడు చెవి పెట్టి కొద్దిగా, గడియారంలో పెద్ద ముల్లు రెండు మూడు నిమిషాల్లో కదిలినంత, అటో ఇటో తిప్పుతూ సిలిండర్‌ను ఒక వైపు నుంచి నెట్టండి. సిలిండర్ మధ్యలో ఒక చిన్న కొక్కెం ఉంటుంది. అది తోకతో సమానంగా ఒదిగినప్పుడే సిలిండర్ జారి బయటికొస్తుంది. చెవి నిలువుగా ఉండగానే లాగితే ఎంత బలం పెట్టినా రాదు, సుత్తితో కొడితే బాడీ పాడవుతుంది.

పాతది చేతికొచ్చాక కొలవండి. మొత్తం పొడవు కొలిస్తే చాలదు. స్క్రూ బెజ్జం మధ్య నుంచి ఇటు ఎంత, అటు ఎంత అని రెండు కొలతలు. 30/30 ఒకటి, 25/35 ఇంకొకటి. రెండూ 60లే గానీ ఒకదాని చోట ఒకటి పనికిరాదు. మిగతా ఆకారం మాత్రం యూరో ప్రొఫైల్ (పైన గుండ్రం, కింద తోక ఉండే ఈ రకం) అంతా ఒకటే: ఎత్తు 33, గుండ్రం 17, తోక మందం 10. అందుకే ఒక కంపెనీ బాడీలో మరో కంపెనీ సిలిండర్ పడుతుంది.

కొత్తది పెట్టి, చెవితో రెండు చుట్లు తిప్పి చూసి, అప్పుడు ఎం5 స్క్రూ బిగించండి. చేతి బిగువు చాలు. ఎక్కువ బిగిస్తే సిలిండర్ ఒక పక్కకి ఒరిగి చెవి బరువుగా తిరుగుతుంది. పాత సిలిండర్‌ను చెవులతో సహా పడేయకండి, ఇంకో ఫ్లాటుకో గదికో పనికొస్తుంది.

అపార్ట్‌మెంట్_పద్మజ:
థాంక్యూ అండి. లోపలి వైపు చెవి ఉండేది మంచిదా, చెవి లేకుండా చేత్తో తిప్పే నాబ్ ఉండేది మంచిదా?

ఉలి_సుత్తి:
మనుషులు నిద్రపోయే ఇంటికి లోపల నాబ్ ఉండాలి. అర్ధరాత్రి పొగ కమ్ముకుంటే చెవి కోసం వెతుక్కునే పరిస్థితి ఉండకూడదు. తలుపు పక్కనే అద్దం కిటికీయో, చెయ్యి దూరే గ్రిల్లో ఉంటే మాత్రం నాబ్‌ను బయటి నుంచి అందుకుంటారు. అప్పుడు రెండు వైపులా చెవి పెట్టుకుని, ఒక చెవి లోపల తలుపు దగ్గర, బయటి చేతికి అందని చోట వేలాడదీయాలి.

రెండు వైపులా చెవి ఉండే మామూలు సిలిండర్లలో ఒక చిక్కుంది. లోపల చెవి పెట్టి వదిలేస్తే బయటి చెవి పూర్తిగా దూరదు, తిరగదు. పెద్దవాళ్ళు ఒంటరిగా ఉండే ఇంట్లో ఇది ప్రమాదం. లోపల చెవి ఉన్నా బయటి నుంచి తెరుచుకునే రకం సిలిండర్లు దొరుకుతాయి, అడిగి తీసుకోవాలి.

డాలస్_తెలుగబ్బాయి:
అమెరికాలో ఉన్నవాళ్ళ కోసం ఒక ముక్క. ఇక్కడ మోర్టైస్ తక్కువ, చెవితోనో నాబ్‌తోనో మాత్రమే కదిలే డెడ్‌బోల్టే ఎక్కువ. తలుపు మీద 54 మి.మీ. రంధ్రం, అంచులో 25 మి.మీ. రంధ్రం, బ్యాక్‌సెట్ 60 లేదా 70. కొత్తవాటిలో అంచులో దూరే బోల్టు ముక్కలు చాలావరకు రెంటికీ సర్దుకునేవే. కాబట్టి డ్రిల్లు అవసరమే రాదు, స్టార్ స్క్రూడ్రైవర్ చాలు. క్విక్‌సెట్, ష్లేజ్ చెవులు ఒకదానిలో ఒకటి పట్టవు. ఇంటి తలుపులన్నిటికీ ఒకే చెవి కావాలంటే ఒకే కంపెనీవి కొనాలి. అద్దె ఇంట్లో అయితే ముందు లీజు కాగితం చూసి, యజమానిని అడిగాకే ముట్టుకోండి.

గుంటూరు_గడప:
సామాను వచ్చింది. బాడీ, 10 అంగుళాల ప్లేట్లు, 60 సిలిండర్ (బయట చెవి, లోపల నాబ్), స్ట్రైక్ ప్లేటు. పని వరస చెప్పండి.

ఉలి_సుత్తి:
పొద్దున్నే మొదలుపెట్టండి. గుంత సగంలో ఉండగా చీకటి పడితే తలుపుకి తాళం ఉండదు. ఆ రాత్రికి లోపల ఆల్‌డ్రాప్, టవర్ బోల్టు పనిచేస్తున్నాయో లేదో ముందే చూసుకోండి.

పాతది విప్పడం. ఇత్తడి స్క్రూల గాడిలో పెయింటు నిండి ఉంటుంది, ముందు చాకు మొనతో గాడి శుభ్రం చేయాలి. లేకపోతే స్క్రూడ్రైవర్ జారి తల చెడుతుంది. కదలని స్క్రూను మొదట బిగించే వైపు ఇసుమంత తిప్పి, తర్వాత విప్పండి. ప్లేట్లు, స్పిండిల్ తీశాక అంచు ప్లేటు స్క్రూలు తీయండి. బాడీని బయటికి లాగడానికి అంచు ప్లేటు కింద ఉలి పెట్టి ఎత్తొద్దు, చెక్క అంచు లేచిపోతుంది. స్పిండిల్ బెజ్జంలో స్క్రూడ్రైవర్ దూర్చి అంచు వైపు మెల్లగా తోయండి.

గుర్తులు. తలుపు అంచు మీద సరిగ్గా మధ్యగీత గీయాలి. 38 మందానికి 19 దగ్గర. కొత్త బాడీని తలుపు పక్కకి ఆనించి, స్పిండిల్ బెజ్జం పాత ఎత్తులోనే ఉండేలా పెట్టి పైనా కిందా గుర్తు పెట్టండి. ఎత్తు మారితే ద్వారబంధంలో లాచ్ (హ్యాండిల్‌తో కదిలే వాలు నాలుక) కంత కూడా మళ్ళీ తవ్వాలి.

గుంత పెంచడం. 16 మి.మీ. చెక్క బిట్టు, 90 లోతుకి బిట్టు చుట్టూ టేపు గుర్తు. మధ్యగీత మీద పక్కపక్కనే బెజ్జాలు వేసి, మిగిలిన చెక్కను 12 మి.మీ. ఉలితో తీయండి. అటూ ఇటూ 11 మి.మీ. చొప్పున చెక్క మిగులుతుంది. బిట్టు ఒరిగితే ఒక పక్క గోడ పలచనై, హ్యాండిల్ బిగించినప్పుడు పగులుతుంది. పాత గుంతలోకి బిట్టు జారిపోతుంటే, ముందు ఆ చోట టేకు ముక్క ఫెవికాల్‌తో దిగ్గొట్టి, ఆరాక డ్రిల్లు చేయాలి.

పక్క బెజ్జాలు. స్పిండిల్‌కి 20 మి.మీ., సిలిండర్‌కి పైన 18 మి.మీ. బెజ్జం, దాని కింద 11 మి.మీ. వెడల్పుతో తోక గాడి. రెండు వైపుల నుంచీ సగం సగం వేయండి. ఒకే వైపు నుంచి బిట్టు దూసుకుపోతే అవతలి వైపు చెక్క పేలికలై లేస్తుంది.

అంచు ప్లేటు ఒదిగే గాడి. బాడీని గుంతలో పెట్టి ప్లేటు చుట్టూ చాకుతో గీయండి, పెన్సిల్ కాదు. చాకు గీత చెక్క నారను కోసి పెడుతుంది కాబట్టి ఉలి గీత దాటదు. లోతు ప్లేటు మందమంతే, సాధారణంగా 3 మి.మీ. ప్లేటు పైకి లేస్తే ద్వారబంధానికి రాస్తుంది.

బిగింపు. ముందు లాచ్ వాలు ఎటు ఉందో చూడండి. వాలు భాగం తలుపు మూసేటప్పుడు ద్వారబంధానికి ముందు తగిలే వైపు ఉండాలి. తలకిందులుగా ఉంటే చాలా బాడీల్లో లాచ్‌ను బయటికి లాగి సగం చుట్టు తిప్పితే సరిపోతుంది. కొన్నిటికి మూత విప్పాలి. తర్వాత బాడీ, స్పిండిల్, సిలిండర్, ఎం5 స్క్రూ, ఆఖరున హ్యాండిల్ ప్లేట్లు.

టేకులో ఇత్తడి స్క్రూ నేరుగా తిప్పితే మెడ దగ్గర విరుగుతుంది. 2.5 మి.మీ. పైలట్ బెజ్జం వేసి, అదే సైజు ఇనప స్క్రూ ఒకసారి తిప్పి తీసి, ఆ దారిలో ఇత్తడిది కొవ్వొత్తి మైనం రాసి బిగించండి.

తలుపు తెరిచి ఉండగానే లోపలి నుంచి, బయటి నుంచి నాలుగైదుసార్లు తాళం వేసి తీశాకే మూయండి. ఇది తప్పనిసరి.

కరీంనగర్_కమ్మరి:
ఉలి అన్న చెప్పిందాంట్ల ఒక్కటి కలుపుతున్న. హ్యాండిల్ ప్లేట్లకు ఆరుపార (ఈ పక్క నుంచి ఆ పక్కకు దూరే) బోల్టులు వస్తె చెక్క స్క్రూల కన్న అవే వాడున్రి. చెక్క స్క్రూలు రోజూ గుంజుడుకు వదులైతయ్. గని బోల్టులు దమ్ము పెట్టి బిగియ్యద్దు. రెండు ప్లేట్లు బాడీని ఒత్తితె హ్యాండిల్ తిరిగి పైకి రాదు. మీ పాత బాధ మళ్ళ మొదలైతది, కొత్త తాళమే ఖరాబని అనుకుంటరు. సగం చుట్టు వదులు చేస్తె సరి.

వైజాగ్_ఉప్పుగాలి:
సముద్రం దగ్గర ఉన్నవాళ్ళకి ఒక హెచ్చరిక. మెరిసే హ్యాండిళ్ళు చాలావరకు జింక్ మిశ్రమం మీద పూత. ఉప్పు గాలికి పూత పొక్కులు లేచి, ఊడిపోతుంది. ఎస్ఎస్ 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు గానీ గట్టి ఇత్తడి గానీ తీసుకోవాలి. షాపుకి చిన్న అయస్కాంతం తీసుకెళ్ళండి. గట్టిగా అతుక్కుంటే చాలావరకు పూత పూసిన ఇనుమే. అతుక్కోకపోతే మాత్రం 304 అని నమ్మేయకండి, జింక్ కూడా అతుక్కోదు. బరువు చూసి, ప్లేటు వెనక భాగం తిప్పి చూడాలి. పోత పోసిన గరుకు, బూడిద రంగు కనిపిస్తే అది జింకే.

గుంటూరు_గడప:
బిగించాను. తలుపు తెరిచి ఉంటే అన్నీ సాఫీ. మూస్తే లాచ్ టక్కున పడుతోంది గానీ, మూసిన తర్వాత కూడా తలుపు 3, 4 మి.మీ. ముందుకీ వెనక్కీ ఆడుతోంది. డెడ్‌బోల్టు బాగానే వెళ్తోంది.

ఉలి_సుత్తి:
స్ట్రైక్ ప్లేటులో లాచ్ బెజ్జం తలుపు ఆగే మెట్టుకి దూరంగా ఉంది. ప్లేటును మెట్టు వైపు ఆ 3 మి.మీ. జరపాలి. పాత స్క్రూ కంతలు పక్కనే ఉండడం వల్ల కొత్త స్క్రూ మళ్ళీ పాత దారే పడుతుంది. అందుకని పాత కంతల్లో ఫెవికాల్ ముంచిన వెదురు పుల్లలు దిగ్గొట్టి, ఆరాక సమంగా కోసి, కొత్తగా పైలట్ వేయండి. తర్వాత డెడ్‌బోల్టు కంతను కూడా అంతే మేర ఉలితో సవరించాలి, లేకపోతే "లాగి పట్టుకుంటే తిరిగే" బాధ మళ్ళీ వస్తుంది. ప్లేటుతో వచ్చిన 20 మి.మీ. స్క్రూలు పక్కన పెట్టి 50 మి.మీ. స్టీలు స్క్రూలు వాడండి. తన్నితే ముందు ఊడేది ఆ పొట్టి స్క్రూలే.

గుంటూరు_గడప:
ప్లేటు జరిపాను, ఆట పోయింది. వానాకాలంలో తలుపు ఉబ్బితే ఏం చేయాలి? ఇప్పుడు తలుపుకీ ద్వారబంధానికీ మధ్య తాళం వైపు సందు 2 మి.మీ. కూడా లేదు.

రాణీగంజ్_కౌంటర్:
వానల్లో చెవి బిగుసుకుందని తాళంలో కొబ్బరి నూనె పోయొద్దని ముందే చెబుతున్నా. అందరూ అదే పోస్తారు. సిలిండర్ పిన్నుల్లో నూనె దుమ్ము పట్టి జిగురవుతుంది. గ్రాఫైట్ పొడి వాడండి, లేదంటే పెన్సిల్ ముల్లు చెవి గాడుల మీద రుద్ది నాలుగుసార్లు దూర్చి తీయండి. స్ప్రే డబ్బాలు మురికి కడగడానికి పనికొస్తాయి, కడిగాక మళ్ళీ పొడి వేయాల్సిందే.

ఉలి_సుత్తి:
సందు 3 మి.మీ. ఉండాలి. చిత్రిక పట్టాల్సి వస్తే తాళం వైపు పట్టకండి. అక్కడ ఒక మి.మీ. తీసినా అంచు ప్లేటు పైకి తేలుతుంది, గాడి మళ్ళీ లోతు చేయాలి. తలుపు దించి బందుల వైపు అంచు చిత్రిక పట్టి, బందు గాడులు అంతే మేర లోతు చేస్తే తాళం ఉన్నచోటే ఉంటుంది. ఆ పని ఎండాకాలంలో, చెక్క ఆరి ఉన్నప్పుడు చేస్తే ఎంత తీయాలో తెలియదు. వానల్లో ఎక్కడ రాస్తోందో గుర్తు పెట్టుకుని, నాలుగు రోజులు తెరిపి ఇచ్చాక చేయండి.

తలుపు దించినప్పుడు పై అంచు, అడుగు అంచు కూడా చూడండి. కనిపించని చోట్లని పాలిష్ వేయకుండా వదిలేస్తారు, తేమ ఎక్కువగా అక్కడి నుంచే ఎక్కుతుంది. రెండు పూతలు వార్నిష్ అంచులకీ, కొత్తగా తవ్విన గుంత లోపలికీ వేయండి. గుంతలో వార్నిష్ బాగా ఆరాకే బాడీ పెట్టాలి, లేకపోతే లాచ్‌కి అంటుకుంటుంది.

అపార్ట్‌మెంట్_పద్మజ:
సిలిండర్ మార్చేశాం అండి. చెవి కొద్దిగా తిప్పి నెట్టగానే వచ్చేసింది. ఎం5 స్క్రూ మాత్రం కొత్తది పొడవు ఎక్కువై తల బయటికి ఉంది. పాతదే వాడొచ్చా?

రాణీగంజ్_కౌంటర్:
వాడొచ్చు మేడం, మర ఒకటే. పాతది తుప్పు పట్టి ఉంటే కొత్తదాన్నే హాక్సాతో కోసి, కొస ఆకురాయితో గుండ్రం చేయండి. కోసే ముందు ఒక నట్టు ఎక్కించి పెట్టుకుంటే, కోశాక ఆ నట్టు వెనక్కి తీసేటప్పుడు మర సరి అవుతుంది.